జనరల్ కింద రాసిన రెండు పేర్లు

మా చిన్నప్పుడు తొమ్మిదో తరగతిలోకి ఒక కాగితం వచ్చేది... మధ్యలో నిలువు గీత. ఒక పక్క 'కాంపోజిట్', ఇంకో పక్క 'జనరల్'. లెక్కల మాస్టారు దాన్ని మొదటి బెంచీ మీద పెట్టి, "ఎవరికి ఏ లెక్కలు కావాలో ఆ కింద పేరు రాయండిరా" అని వక్కపొడి వేసుకోవడానికి బయటికి వెళ్ళేవారు.

కాంపోజిట్ అంటే కష్టం లెక్కలు. జనరల్ అంటే తేలిక లెక్కలు. మాకు తెలిసింది అంతే...

డెబ్బైల మొదట్లో, తిరువూరు హైస్కూలు. నేను పెనుగొలను నుంచి బస్సులో వచ్చేవాణ్ణి. నా పక్కన రత్నం. వాళ్ళకి బజార్లో పుస్తకాల కొట్టు. నా సత్తు క్యారేజీలో పచ్చడి మెతుకులే ఉంటాయని వాళ్ళమ్మగారు రోజూ నాకూ కలిపి పప్పు పంపేవారు. వాడికి లెక్కలంటే ప్రాణం. పాత పంచాంగం అట్ట వెనక కూడా లెక్కలే చేసేవాడు. నాకు భాగహారం దగ్గరే కళ్ళు తిరిగేవి.

కాగితం మా బెంచీకి వచ్చింది. నేను జనరల్ కింద రాశాను. వాడు పెన్ను కాంపోజిట్ వైపు పెట్టాడు. నేను వాడి మోచెయ్యి పట్టుకున్నాను.

"ఒరేయ్, అటు రాస్తే నువ్వు వేరే గదిలోకి పోతావు. నేనొక్కణ్ణే కూర్చోవాలి. ఇటు రాయరా."

"లెక్కలు లెక్కలే కదా, ఎక్కడైతే ఏంలే" అన్నాడు. నా పేరు కింద వాడి పేరు రాశాడు.

రెండేళ్ళు ఒకే బెంచీ... హాయిగా గడిచాయి.

పది పాసయ్యాక ఇద్దరం ట్రంకుపెట్టెలతో బెజవాడ వెళ్ళాం. వాడు ఎమ్పీసీకి దరఖాస్తు ఇచ్చాడు. ఇంజనీరు కావాలని. గుమాస్తా మార్కుల కాగితం చూసి వెనక్కి తోశాడు. "జనరల్ వాళ్ళకి ఎమ్పీసీ లేదు బాబూ. పైన ఎవర్నడిగినా ఇదే మాట." లెక్కల్లో వాడికొచ్చిన మార్కులు చూసి ఆ గుమాస్తాకి కూడా ముచ్చటేసింది, రెండుసార్లు చూశాడు. అయినా లేదన్నాడు.

నేను సీఈసీలో చేరాను. వాడు ఇంకేదీ వద్దన్నాడు. సాయంత్రం తిరువూరు బస్సు ఎక్కించాను. కిటికీలోంచి, "హాస్టల్లో జాగర్తరా" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. బస్సు కదిలింది. నాకేమీ అనిపించలేదు... నిజం చెబుతున్నాను, ఏమీ అనిపించలేదు. హాస్టలుకి వెళ్ళి అన్నం తిన్నాను.

మా బడిలో ఒక ఆనవాయితీ ఉండేది. జూన్‌లో బడి తెరిచేసరికి కాలేజీ పిల్లలు ఇంకా ఊళ్ళోనే ఉండేవారు. హెడ్మాస్టారు వాళ్ళని పిలిపించి తొమ్మిదో తరగతి ముందు నిలబెట్టేవారు. "మీరు ఈ బెంచీల మీద ఉన్నప్పుడు మీకెవరైనా ఏం చెప్పి ఉంటే బాగుండేదో, అది వీళ్ళకి చెప్పండి."

మరుసటి ఏడు ముగ్గురం వెళ్ళాం. మొదటివాడు, "ఇంగ్లీషు మాట్లాడ్డానికి ఇప్పుడే సిగ్గు వదిలెయ్యండి, అక్కడ మనల్ని చూసి నవ్వుతారు" అన్నాడు. రెండోవాడు, "ఇంట్లో పెరుగు ఇప్పుడే తినేయండి. హాస్టలు మజ్జిగలో మన మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు" అన్నాడు. పిల్లలు పడీపడీ నవ్వారు.

నా వంతు వచ్చింది. నాకు గురువు లేడు. తాతగారి శ్లోకాల పుస్తకం అట్టలూడిపోయేదాకా నేనే చదువుకున్నాను. అది చేతిలో పట్టుకుని అరగంట స్వధర్మం మీద మాట్లాడాను. ఎవడి దారి వాడిదే, పరాయి దారిలో పోయినవాడు చెడిపోతాడు అని బల్ల గుద్ది చెప్పాను. నా మొదటి ప్రవచనం అదే.

ఆ బల్ల మీదే, పేపర్‌వెయిటు కింద, నిలువు గీత గీసిన కాగితం ఉంది. మేం వెళ్ళగానే అది బెంచీలకి వెళుతుంది. నేను చూశాను. ఆ కాగితం గురించి మాత్రం చెప్పలేదు. చెబితే రత్నం సంగతి చెప్పాలి... వాడి మోచెయ్యి ఎవరు పట్టుకున్నారో చెప్పాలి.

గుమ్మంలో వాడే నిలబడి ఉన్నాడు. కొట్టు నుంచి సుద్దముక్కల పెట్టెలు తెచ్చాడు. మొత్తం విన్నాడు.

బయటికొచ్చాక, "గొంతు బాగుందిరా నీది" అన్నాడు. సైకిలు స్టాండు తీస్తూ, "ఆ కాగితం సంగతి చెప్తావనుకున్నా."

"టైం సరిపోలేదురా."

"అవున్లే" అని సైకిలెక్కాడు.

ఆ తర్వాత ఎన్నో ఊళ్ళలో ప్రవచనాలు చెప్పాను. రెడ్డిగూడెం దాకా పిలిచి శాలువాలు కప్పారు. నా మాటకి జనం ఏడుస్తారు... నాకే కన్ను చెమర్చదు. ఎప్పటినుంచో లోపల ఒకచోట తిమ్మిరెక్కి ఉంది. ఇంతమందికి నిప్పులు కురిపించి చెప్పినవాణ్ణి, ఒక్కడితో 'తప్పు నాదిరా' అనలేదు.

మొన్న జూన్‌లో రత్నం కొట్టుకి వెళ్ళాను. ఇద్దరు ఆడపిల్లలు పెన్నులు కొంటున్నారు. వాడు పెన్ను అందిస్తూ, "చూడమ్మా, పది అయ్యాక గ్రూపు రాసేటప్పుడు పక్కదాని కాగితం చూడకు. నీకేది ఇష్టమో అదే రాయి" అన్నాడు.

"నోటుబుక్కు కొన్నప్పుడు కూడా ఇదే చెప్పారు తాతగారూ" అని నవ్వుకుంటూ పోయారు.

"ఎన్నాళ్ళ నుంచి చెబుతున్నావురా ఇది?" అని అడిగాను.

"కొట్లో కూర్చున్నప్పటినుంచీ. నువ్వు చెప్పలేదుగా... ఎవరో ఒకరు చెప్పాలి." మాటలో కోపం లేదు. "ఇంతకీ నీకేం కావాలి?"

ఒక నోటుబుక్కు అడిగి తెచ్చుకున్నాను. ఇదంతా ముందు అందులోనే రాశాను.

ఇప్పుడు కాంపోజిట్ లేదు, జనరల్ లేదు. ఏ చదువుకి ఏ దారో పిల్లలు ఫోన్లో చూసుకుంటున్నారు. మంచిదే... ఫోన్లో పెట్టే ఇలాంటివి రత్నం చదవడు, వాడి దగ్గర పాత బటన్ల ఫోనే. రేపు పొద్దున కొట్టు తెరిచే వేళకి వెళ్ళి నేనే చదివి వినిపిస్తాను. మైకు లేకుండా, శ్లోకం లేకుండా. గొంతు లేస్తుందో లేదో తెలియదు.

మీరూ ఎవరి మోచెయ్యయినా పట్టుకున్నారా... వాళ్ళు ఇంకా మీ ఊళ్ళోనే ఉన్నారా?