జ్ఞానమ్మ తెచ్చిన లైట్లు

జ్ఞానమ్మకి రేచీకటి. పొద్దుగూకితే చాలు, ఎదురుగా గేదె నిలబడ్డా కనపడదు. నోరున్న మనిషే, పేటలో ఎవరికీ జడిసే రకం కాదు. కానీ దీపాలు పెట్టే వేళయితే గుమ్మం దాటలేదు, గోడ తడుముకుంటూ నడుస్తుంది. అలాంటి మనిషికి దేవుడిచ్చిన ఒక్కగానొక్క కూతురేమో రోజూ చీకటిపడ్డాకే ఇంటికొస్తుంది. ఏం చెప్పాలి ఆ కష్టం!

ఆ కూతురు సారా తెనాలిలో ఒక ల్యాబులో రక్తపరీక్షల పని నేర్చుకుంటోంది. పొద్దున్నే రేపల్లెలో రైలెక్కితే మళ్ళీ సాయంత్రం పాసింజరుకే దిగడం. స్టేషను నుంచి పేటకి కాలవకట్టే దారి. కట్ట పొడవునా స్తంభాలున్నాయి గానీ వెలిగేవి మూడే, అవీ పాతకాలపు పెద్ద బల్బులు. తొంభై రెండు వానాకాలంలో ఆ చీకట్లో ఎవడో తాగుబోతు వెధవ ఈ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. సారా విదిలించుకుని, చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చింది. తల్లి ఒళ్ళో పడి ఏడ్చింది.

తండ్రి జకరయ్య నగరం మండలం వైపు పొలంపనులకి పోయి వారానికోసారి ఇంటికొస్తాడు. ఆ వారం వచ్చీరాగానే తేల్చేశాడు.

"క్రిస్మస్ దాకా చూస్తా. ఈలోగా కట్టమీద లైట్లు పడ్డాయా, సరే. లేదా పిల్ల ఇంట్లో కూర్చుంటది. ఇంకేం మాట్లాడమాకు."

 జ్ఞానమ్మ మునిసిపల్ బళ్ళో ఆయా. పిల్లలకి ముక్కులు తుడుస్తూ, గదులు ఊడుస్తూ పదిహేనేళ్ళు గడిపింది. తనని ఐదో తరగతిలోనే బడి మాన్పించేస్తే ఎంత ఏడ్చిందో ఆవిడకింకా గుర్తే. కూతురికి ఆ గతి పట్టకూడదు. అంతే, అంతకుమించి ఈ లోకంలో ఆవిడకేమీ అక్కర్లేదు.

మర్నాడే బడి వదిలాక మునిసిపల్ ఆఫీసుకెళ్ళి వీధిదీపాలు చూసే ఇంజనీరు గౌరీశంకరం గారి ముందు నిలబడింది. ఆయన చెడ్డవాడేం కాదు, పాపం.

"ఉన్న బల్బులకే బిల్లు కట్టలేక ఛస్తున్నామమ్మా. కొత్తవి ఎక్కణ్ణించి తేను?" అన్నాడు.

దసరా సెలవుల్లో బాపట్లలో చుట్టాల పెళ్ళికెళ్ళినప్పుడు జ్ఞానమ్మకి ఒక వింత కనపడింది. రోడ్డుమీద పసుప్పచ్చటి వెలుతురు. చీకటిపడింది, అయినా తన కాళ్ళు తనకి కనపడుతున్నాయి! నిలబడిపోయింది. అక్కడ కరెంటు పనిచేసే మరిది లూకా నవ్వాడు. "అవి సోడియం లైట్లు వదినా. మీ పాత బల్బు తాగే కరెంటులో సగం కూడా తాగవు, వెలుతురు మాత్రం బోలెడు."

ఇంకేం! రేపల్లెలో బస్సు దిగడం దిగడం సంచీతోనే ఆఫీసుకెళ్ళింది. "బాబూ, కరెంటు తక్కువ తాగే లైట్లే వెయ్యండి. ఆ మూడింటి బిల్లుతో కట్టంతా వెలుగుద్ది" అంది. వెంటనే ఎవరూ ఒప్పుకోలేదు. ఆవిడా వదల్లేదు. బడి వదలగానే ఆఫీసు వరండాలో హాజరు. జవాన్లు 'వచ్చింది లైట్లమ్మ' అని ఎగతాళి చేసినా కదల్లేదు. ఆఖరికి గౌరీశంకరం గారు పైవాళ్ళని ఒప్పించాడు. నవంబరు నెలంతా పరీక్ష. ఆ మూడు స్తంభాలకీ సోడియం లైట్లు, మూడింటికీ కలిపి మొదటి స్తంభానికి ఒక మీటరు. పాత బల్బులకన్నా కరెంటు బాగా తగ్గితే కట్టంతా లైట్లు, తగ్గకపోతే ఉన్నవీ పీకేస్తారు.

లైట్లు వెలిగిన సాయంత్రం పేటంతా కట్టమీదే ఉంది. పేటలో కొత్తది ఏదొచ్చినా ముందు ప్రార్థన పెట్టించాలి. ఇల్లయినా, బోరింగయినా, చివరికి సైకిలయినా సరే. మరి జ్ఞానమ్మ తెచ్చిన లైట్లకి పెట్టించరూ? వారంపాటు కృతజ్ఞతా కూడికలు. మైకుసెట్టు, నాలుగు హారన్లు, పందిరినిండా సీరియల్ బల్బులు, ఇంకా నవంబరే అయినా ఒక పెద్ద క్రిస్మస్ నక్షత్రం. మైకు కుర్రాళ్ళు కరెంటెక్కడ అనడిగితే జ్ఞానమ్మే చెయ్యెత్తి చూపించింది. "ఆ లైటు స్తంభం తీగెకి తగిలించండి, ఎప్పుడూ చేసేదేగా!" దేవుడి పనికి వాడుకుంటే దొంగతనం అవుద్దని ఆ పేటలో ఎవరికీ ఏనాడూ తోచలేదు. తీసేసేవాళ్ళు లేక ఆ సీరియల్ బల్బులు నెలాఖరుదాకా అలాగే వెలిగాయి.

డిసెంబరు మొదట్లో గౌరీశంకరం గారు ఆవిణ్ణి పిలిపించాడు. ఆయన మొహం మాడిపోయి ఉంది.

"ఆదా ఏదమ్మా? పాత బల్బులకన్నా ఎక్కువ తిరిగింది మీటరు. నన్ను అందరి ముందూ తలొంచుకునేలా చేశావు. సోమవారం పీకేస్తున్నాం."

"అదెట్లా కుదురుద్దండీ? లూకా అబద్ధమాడడండీ..." అంటూనే ఆగిపోయింది. మైకు. హారన్లు. సీరియల్ బల్బులు.  స్తోత్రం చెప్పీ చెప్పీ తమ లైట్లు తామే ఆర్పుకున్నారు. అయ్యో, అయ్యో! తీగె తగిలించమని చెప్పింది ఇంకెవరో కూడా కాదు, తనే.

గుండె బాదుకుంటూ పాస్టరు ప్రభుదాస్ గారి దగ్గరికి పరిగెత్తింది.

"ఊరుకో తల్లీ," అన్నాడాయన గొంతు తగ్గించి. "బయటపడితే గుడి మీద కేసు. లైట్లు మళ్ళీ ఎప్పుడైనా అడుక్కోవచ్చు."

మళ్ళీ ఎప్పుడు? క్రిస్మస్ మూడు వారాల్లో ఉంది. ఆదివారమంతా జ్ఞానమ్మ అన్నం ముట్టలేదు. సారా పక్కనే కూర్చుని గాజుపలకల మీద రక్తపు చుక్క ఎలా పరుస్తారో ముచ్చటగా చెబుతోంది.  ప్రభువా, దీని నోట ఈ మాటలు ఆపించకు, ఇంకేమైనా తీసుకో అని తల్లి లోలోపల మొత్తుకుంది.

సోమవారం ఆఫీసు తెరవకముందే అక్కడుంది.

"బాబూ, తీగె తగిలించింది నేను. మైకూ, బల్బులూ ఎంత తాగాయో లెక్కేసి తీసెయ్యండి. మిగిలిందే మీ లైట్లది."

గౌరీశంకరం గారు చుట్టూ చూసి తలుపు దగ్గరికి వేశాడు. "నోరు మూసుకో జ్ఞానమ్మా. ఊరికే తీసెయ్యమంటే కుదరదు, కరెంటు దొంగిలించానని నువ్వు రాసివ్వాలి. మునిసిపల్ జీతం తీసుకునే మనిషివి. రాసిచ్చావంటే ఉద్యోగం పోద్ది. ఏమీ ఎరగనట్టు ఇంటికి పో."

"రాస్తేనే లైట్లుంటాయంటారా?"

"ఉంటాయి. కానీ..."

"అయితే కాయితం ఇప్పించండి బాబూ."

"ఇంకెవరైనా తోడున్నారా ఇందులో? చెప్పు, నీ మీద కొంత తగ్గుద్ది."

"ఎవరూ లేరండి. నేనే."  జరిగింది ఉన్నదున్నట్టు రాసి, కింద తన పేరు పూర్తిగా పెట్టింది. బయటికొచ్చి మెట్ల మీద కూలబడి, దారినపోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా భోరుమని ఏడ్చింది.

మైకు లెక్క తీసేస్తే లైట్లు తాగింది సగం కూడా లేదు. క్రిస్మస్‌కి ముందే కట్ట పొడవునా పసుప్పచ్చటి లైట్లు వెలిగాయి. ఆ రోజు పొద్దున్నే బళ్ళో హెడ్మాస్టరు గారు జ్ఞానమ్మ చేతికి కాయితమిచ్చి, మొహం తిప్పుకుని, గదుల తాళాలు అడిగి తీసుకున్నాడు.

ఆ సాయంత్రం ఆవిడ ఇంట్లో ఉండలేకపోయింది. ఒక్కో లైటు కిందా ఆగి, కాళ్ళు చూసుకుంటూ, నెమ్మదిగా స్టేషనుదాకా నడిచింది. రైలు దిగిన సారా తల్లిని చూసి బిత్తరపోయింది.

"అమ్మా! చీకటిపడ్డాక నువ్వేంటి, ఇంతదూరం? పడిపోతే ఏంటి గతి?"

"కనపడుతోందే. అంతా కనపడుతోంది."

సారా పకపకా నవ్వి తల్లి చెయ్యి పట్టుకుంది. లైట్లన్నీ చూసుకుంటూ నడిచారు. కొత్త సంవత్సరం నుంచి జీతమిస్తామన్నారని సారా చెప్పింది. నాన్నింక ఏమీ అనలేడుగా అంది. జ్ఞానమ్మ ఊఁ కొట్టింది.

"పద పద, తొందరగా పడుకో. పొద్దున్నే బడి తలుపులు తియ్యాలిగా నువ్వు."

"రేపు బడి లేదే."

"సెలవా?"

"ఆఁ, సెలవే" అంది జ్ఞానమ్మ.

ఆ సెలవు ఆవిడ బతికుండగా అయిపోలేదు.