దుబాయ్ డబ్బా

మా పాపకు ఆవుపాలు పడవు. తాగితే ఒళ్లంతా దద్దుర్లు. డాక్టరు ప్రత్యేకమైన పాలపొడి రాసిచ్చారు. ఢిల్లీ వసంత్ కుంజ్‌లో మా ఇంటి దగ్గరి మందుల షాపువాడు డబ్బా మీది ధరలో రూపాయి తగ్గించడు. కాస్త దూరంలోని బేర్ సరాయ్‌లో కొనేది స్టూడెంట్లు కాబట్టి అక్కడ కాస్త తగ్గిస్తారు. అందుకని పాపను ఎత్తుకుని ఎండలో ఆటో ఎక్కేదాన్ని.

"ఆటో కిరాయి కలిపావా?" అనేవారు మా ఆయన, ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా.

కలిపాను. ఎంతయిందో మాత్రం ఆయనకు చెప్పలేదు.

దుబాయ్‌లో ఉండే మా వదిన, ఆయన అక్క, ఇక్కడి ధర విని ఆశ్చర్యపోయింది. "అంత పోస్తున్నారా! ఇక్కడ సగమే. అదే కంపెనీ, అదే బొమ్మ. మా ఆఫీసతను ఢిల్లీ వస్తున్నాడు, నాలుగు డబ్బాలు పంపుతా. తిరిగొచ్చేటప్పుడు నాకో సీసా ఆవకాయ ఇచ్చి పంపు."

ఆవకాయ వెళ్లింది, డబ్బాలు వచ్చాయి. నాకు భయం ఎక్కువ, ఫొటో తీసి డాక్టరుకు పంపాను. రెండూ ఒకటే, వాడొచ్చన్నారు. పాప గటగటా తాగింది. ఇక్కడి పొడికుండే చేదు వాసన దానికి లేదు.

ఆ నాలుగూ అయిపోయాక బేర్ సరాయ్ డబ్బా మళ్లీ తెరిచాను. పాప ఒక్క గుక్క తాగి ఉమ్మేసింది. చెంచాతో పట్టినా, నిద్రలో పట్టినా అంతే. సాయంత్రమైనా డైపరు తడవలేదు. వదినకు ఫోన్ చేశాను.

"అయ్యో, ఇప్పట్లో అటు వచ్చేవాళ్లెవరూ లేరే!"

"ఆకలేస్తే అదే తాగుతుందిలే," అన్నారు మా ఆయన.

"ఆకలికే కదండీ ఏడుస్తోంది!" అని అరిచాను. ఆయన కారు తాళాలు తీసుకున్నారు.

పక్క ఫ్లాట్ ఆంటీ చెప్పిన ఫారిన్ సరుకుల దుకాణంలో దొరికింది, అదే దుబాయ్ డబ్బా. ఇక్కడి డబ్బాకు రెట్టింపు ధర.

"భయ్యా, దుబాయ్‌లో ఇది ఎంతో నాకు తెలుసు," అని హిందీలో దెబ్బలాడాను.

"తో దీదీ, దుబాయ్ సే లే లో," అన్నాడు. అక్కడే కొనుక్కోమని! పాప నా భుజం మీద వెక్కుతోంది. డబ్బు కట్టేశాం.

ఇంటికొచ్చాక డబ్బా మీద దుకాణంవాడి ధర చీటీ కాస్త లేచి కనిపించింది. మా ఆయన గోటితో గీకితే కింద ఇంకో చీటీ, దుబాయ్ దిర్హమ్‌లలో.

"అక్క చెప్పిన ధరే," అన్నారు.

పాప సీసా ఖాళీ చేసి, ఇంకా కావాలని చెయ్యి చాపింది.