అడుగు పొర

వర్క్‌షాప్‌లో ఆమెను అందరూ బంక పిన్ని అంటారు. ఆ పేరు పెట్టింది పక్కనే లేత్ మెషిన్ నడిపే బాబాయే. పల్చటి అల్యూమినియం రేకును వైస్‌లో బిగిస్తే వంకర తిరిగిపోతుంది. అందుకని ఆమె మిల్లింగ్ మెషిన్ బల్ల మీద ఒక వరస టేపు, రేకు వెనక ఒక వరస టేపు అంటించి, ఆ రెండింటి మధ్య సూపర్ గ్లూ చుక్కలు వేసి అదిమిపెడుతుంది. పనయ్యాక టేపు లాగేస్తే రేకు మీద మచ్చ కూడా మిగలదు. ఇరవై ఏళ్లుగా ఆ బంకనే నమ్ముకుంది. ఇంట్లో మొగుడు మాత్రం, "నన్నూ అలాగే అంటించి పెట్టుకుంది, కదలనివ్వదు" అని చుట్టాల దగ్గర వాపోతుంటాడు.

ఆర్నెల్ల కింద ఆ నమ్మకానికి దెబ్బ తగిలింది. గీతలు పడకుండా కొత్త రేకుకు రెండు వైపులా ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఆ రోజు పైపొర ఒలిచి, అడుగుది మరిచిపోయింది. టేపు పొరను గట్టిగానే పట్టుకుంది గానీ, పొర రేకును వదిలేసింది. కట్టర్ తగలగానే రేకు ఎగిరి, పక్కనున్న బాబాయ్ చెవిని కోసుకుంటూ పోయింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఆయన ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే ఆమెకు కాస్త నిద్రయినా పట్టేది.

యజమాని ఆమెను ఆకురాయి బల్లకు మార్చాడు. అప్పటినుంచీ బాబాయ్ మిల్లింగ్ మెషిన్ పక్కగా నడవడు, స్తంభం చుట్టూ తిరిగి వెళ్తాడు. అంచులు అరగదీస్తూ ఆమె అది రోజూ చూసేది.

ఒకరోజు పొద్దున మిల్లింగ్ అతను జ్వరమని రాలేదు. యజమాని రేకు తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఉన్నది ఇదొక్కటే. బాగా వస్తే మెషిన్ మళ్లీ నీదే. పాడైందా, ఇక నన్నడగొద్దు."

భయం కొద్దీ ఆమె అడుగు పొర మీద మార్కర్‌తో ఇంటూ గుర్తు పెట్టుకుంది. రేకు తుడిచింది, అంటించింది, మెషిన్ వేసింది. సగం కోత అయ్యాక ఉన్నట్టుండి అనుమానమొచ్చింది. అడుగు పొర తీసిందా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. మెషిన్ ఆపేసింది. ఎత్తి చూద్దామంటే, మళ్లీ అదే చోట వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టడం ఎవరి తరం? చెత్తబుట్ట బోర్లించింది. పైపొర ఒక్కటే దొరికింది. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

లేత్ ఆపి బాబాయ్ వచ్చాడు. అడుగడుక్కీ ఏదో చరచరమంటోంది.

"ఏం వెతుకుతున్నావ్ అమ్మాయ్?"

ఆమె ఆయన కాళ్ల వైపు చూసింది. చెప్పు మడమకు ప్లాస్టిక్ పొర అతుక్కుని నేలకు రాసుకుంటూ వస్తోంది. దాని మీద ఇంటూ గుర్తు. ప్రాణం లేచొచ్చినట్టయింది.

"ఇది మీ కాలికెలా వచ్చింది బాబాయ్? మీరు ఇటు రారుగా."

"నువ్వు అంటించేటప్పుడు నీ వెనకే ఉన్నా. పొర తీస్తావో లేదో చూద్దామని."

"మరి చెప్పరేం?"

"తీశావుగా. ఇంక చెప్పడానికేముంది?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని మెషిన్ మళ్లీ వేసింది. బాబాయ్ స్తంభం దగ్గరికి పోలేదు. పక్కనే నిలబడ్డాడు, కుట్లు పడ్డ చెవికి మాత్రం అరచెయ్యి అడ్డం పెట్టుకుని. కట్టర్ చివరి మూల తిరిగే వేళకు ఆ చెయ్యి కూడా దించేశాడు.