మునగాకు కాదని చెప్పిన పురుగు

సముద్రం దాటి, ఒక ఖండాన్ని ఆక్రమించి, మనిషి ప్రాణం కాపాడిన వీరుడి కథ చెప్పబోతున్నాను. కాకపోతే ఆ వీరుడు బియ్యపు గింజంత కూడా ఉండడు. వ్యవహారం ప్రాణం మీదికి వచ్చేదో లేదో అనుమానమే. పొట్ట మీదికైతే కచ్చితంగా వచ్చేది.

జర్మనీలో, కెమ్నిట్జ్ అనే ఊళ్లో నాతోపాటు ఫ్లాట్‌లో ఉండే అన్న గుంటూరు వైపు మనిషి. ఇది జరిగిన మర్నాడు పొద్దున్నే అతని థీసిస్ డిఫెన్స్. అది తప్పితే మళ్లీ టెర్మిన్, అంటే ఇక్కడి అపాయింట్‌మెంట్, దొరకడానికి నెలలు పడుతుంది, చేరాల్సిన ఉద్యోగం అంతవరకూ ఆగదు. సరిగ్గా దానికి ముందురోజే వాళ్లమ్మ ఫోన్ చేసి, ఆషాఢం వెళ్లిపోతోంది, ఒక్కసారైనా మునగాకు తిన్నావా అని అడిగింది. మధ్యాహ్నానికల్లా అన్న ట్రామ్ స్టాప్ వెనక చెట్టు నుంచి సంచెడు ఆకు కోసుకొచ్చాడు.

"మునగకు ముళ్లేంటన్నా?" అన్నాను, అతని చేతుల మీద గీతలు చూసి.

"ఇక్కడి చలికి వచ్చుంటాయ్‌లేరా. పప్పు ఉడికింది, ఆకు దుయ్యి."

దూశాను. చాలా ఆకుల అడుగున తెల్లటి బొబ్బలున్నాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల ఒక పురుగు తీరిగ్గా భోంచేస్తోంది. ఫొటో తీసి ఫోన్‌లో వెతికాను.

"అన్నా, ఇది అమెరికా నుంచి వచ్చిన రెక్కల పురుగు పిల్ల. ఆకు రెండు పొరల మధ్య దూరి, తిని, అక్కడే గూడు కట్టుకుని, రెక్కలొచ్చాక బయటికొస్తుందట."

"పురుగుందంటే మందు కొట్టలేదన్నమాట. మంచిదేగా, కడుగు."

"అది కాదన్నా. ఇది రోబీనియా అనే ముళ్ల చెట్టు తప్ప ఇంకోటి ముట్టదు. వీళ్లు ఆ చెట్టును అమెరికా నుంచి తెచ్చి ఊరూరా నాటారు. చాన్నాళ్లకు ఇదీ వెతుక్కుంటూ వచ్చి, చెట్టున్న చోటల్లా కాపురం పెట్టింది."

"అయితే?"

"అయితే ఇది మునగ కాదు, ఆకు చూడ్డానికి అలా ఉందంతే. రోబీనియా ఆకు విషం. వాంతులు, విరేచనాలు అని రాశారు."

అన్న స్టవ్ ఆపేశాడు.

"అమ్మకేం చెప్పాలిరా?"

"ఆకు కోసుకొచ్చానని చెప్పు. అంతవరకూ నిజమే."

ఉత్త పప్పుతో అన్నం తిని, మర్నాడు డిఫెన్స్‌కి వెళ్లి పాసయ్యాడు. పురుగు గురించి అక్కడ ఎవరూ అడగలేదట.

ఆ ఆకుల్ని, పురుగులతో సహా, కుళ్లే చెత్త వేసే గోధుమరంగు డబ్బాలో వేయొచ్చు. ప్లాస్టిక్ సంచి మాత్రం వేయకూడదు. మా వీధిలో ఆ డబ్బాను రెండు వారాలకొకసారి ఖాళీ చేస్తారు.