మంచం కింది కాలిన ఆయిల్

మా గల్లీ చివర గ్యారేజీ ముంగట మున్సిపాలిటీ వాళ్లు నీలం డ్రమ్ము పెట్టిండ్రు. బండ్లల్ల నుంచి తీసిన కాలిన ఆయిల్ గట్టర్ల పోయకుండ అండ్ల పోయాలె. వారానికోపారి బండొచ్చి తీస్కపోతది. ఫ్యాక్టరీల శుద్ధి చేస్తే అది మళ్లీ కొత్త ఆయిల్ అయితదట. మంచి పనే, నేను కాదంటలేను. కానీ ఇన్నేండ్లు యాడ పండుకున్నరయ్యా మీరు? ఆ డ్రమ్మును చూస్తే నాకు ఒళ్లు మండుతది.

మా నాయిన సెంట్రింగ్ పని చేసెటోడు. తాతలు పాలమూరు నుంచి రాళ్లు మోసే పనికి ఈ మరాఠోళ్ల పట్నం వచ్చి ఈ చాళ్ల, ఒంటి గదుల వరుసల, దిగిండ్రు, నాయిన స్లాబుల కింద చెక్కలు కొట్టుకుంట బతికిండు. సిమెంటు చెక్కలకు పట్టుకోకుండ కాలిన ఆయిల్ పూస్తరు. ఫాక్‌లాండ్ రోడ్ గ్యారేజీలోళ్లు దాన్ని ఊకెనే ఇచ్చెటోళ్లు. పనికి పోను మిగిలింది నాయిన డబ్బాల పోసి ఇంటికి తెచ్చెటోడు. ఎందుకంటరా? మోకాళ్లకు. సెంట్రింగోళ్ల ఇండ్లల్ల అదే మందు. పొద్దుగూకినంక అమ్మ దాన్ని చిన్న గిన్నెల గోరువెచ్చగ చేసి, నాయినను గడప కాడ కూసోబెట్టి రుద్దేది.

"ఇంతింత లారీలను నడిపించింది, మనిషిని నడిపించదా?" అనేది.

"నన్ను లారీని చేసినవ్ పో. ఇగ హారన్ ఒక్కటే తక్కువ," అని నవ్వెటోడు నాయిన.

వాళ్లిద్దరు ప్రేమగ మాట్లాడుకోంగ నేనెన్నడు వినలే. ఆ రుద్దుడే వాళ్ల ముచ్చట.

తర్వాత నాయిన కాలు మీద పుండు లేచింది. ఎంతకూ మానలే. పెద్ద దవఖానల చర్మం క్యాన్సర్ అన్నరు. ఆయిల్ సంగతి వాళ్లు అడగలే, మేము చెప్పలే. మందు అనుకున్నదాన్ని తప్పని ఎవలు చెప్పుకుంటరు? జల్ది మానుతదని అమ్మ ఆ పుండు చుట్టు గూడ అదే రాసింది. నాయిన పోయిండు. డబ్బాల సగం ఆయిల్ మిగిలింది. అమ్మ దాన్ని మంచం కిందికి జరిపింది, కొన్నాళ్లకు తన మోకాళ్లకు రాసుకునుడు మొదలుపెట్టింది.

డ్రమ్ము పెట్టిన వారమే బండొచ్చింది. అండ్ల కూసున్న పిల్ల మైకుల హిందీల, మరాఠీల చెప్పుకుంట పోయింది. గట్టర్ల పోయొద్దు, పొయ్యిల కాల్చొద్దు, ఒంటికైతే అసలే రాయొద్దు, అది విషం, చర్మం క్యాన్సర్ వస్తది అన్నది. పై అంతస్తుల మా గది ముంగటి గ్యాలరీల బట్టలారేస్తున్నదాన్ని, తడి చీర పట్టుకొని అట్లనే నిలవడ్డ. అమ్మ గ్రాంట్ రోడ్‌కు కూరగాయలకు పోయింది, బతికిన అనుకున్న.

ఇగ చూడుండ్రి నా తిప్పలు. చెప్తే, నా మొగన్ని నా చేతులతోనే చంపుకున్న అని కుములుతది. చెప్పకపోతే తనూ అదే రాసుకుంటది. బండి వచ్చినప్పుడల్లా టీవీ సౌండ్ పెంచిన, కిటికీ మూసిన. మెడికల్ షాపుల నొప్పుల ట్యూబు తెచ్చి ముంగట పెడితే తిరిగి చూడలే. డబ్బా దాచిపెడితే ఇల్లంత దేవులాడి తెచ్చుకున్నది.

"ఏం వాసనమ్మా ఇది, ఇల్లు గ్యారేజీ అయింది!" అని కయ్యం పెట్టుకున్న.

"మీ నాయిన వాసన నీకు కంపు కొడుతుందా?" అన్నది.

ఎవల మీద అరవాలె నేను?

మొన్నొకనాడు ఆమె మోకాళ్లు మరీ పట్టేసినయి. వద్దు వద్దంటున్నా వినకుండ నేనే ట్యూబు పట్టుకొని కూసొని రుద్దిన. ఆమె అప్పటికే రాసుకున్న ఆయిల్ నా అరచేతులకు నల్లగ అంటింది. అమ్మ నా చేతులనే చూసుకుంట కూసున్నది.

తెల్లారి నేను పని నుంచి వచ్చేసరికి మంచం కింద డబ్బా లేదు. మూలకు మోరి కాడ కూసొని అమ్మ సబ్బుతోని చేతులు తోముకుంటున్నది.

"డబ్బా ఏదమ్మా?"

"డ్రమ్ముల పోసొచ్చిన. నిన్న నీ చేతులకు అంటింది గద. ఇగ మనసొప్పలే." తలెత్తకుండనే అన్నది. "ఆ పిల్ల మైకుల చెప్పింది మొదటి దినమే విన్న బిడ్డా. కూరగాయలు పట్టుకొని వస్తుంటి. నువ్వు పైన తడి చీర పట్టుకొని నిలవడ్డది గూడ చూసిన."

అంటే ఇన్ని దినాలు తెలిసే రాసుకున్నదా?

"నాకు గూడ పుండు లేస్తదేమోనని చూసిన. లెవ్వలే."

"అమ్మా, అప్పుడు నీకేం తెల్సు? ఎవలకు తెల్సు?" అని ఏడ్చుకుంట ఆమె చేతులు పట్టుకోబోయిన. గుంజుకున్నది.

"ఆ పిల్ల డ్రమ్ము కాడనే ఉండె. అడిగిన," అన్నది. "ఆయిల్ తీస్కపోయి మంచిగ చేస్తరంట గద బిడ్డా, ఈ చేతులు గూడ తీస్కపోతరా అని."

"ఏమన్నది?"

"తెలుగుల అడిగితిని గద, పాపం దానికేం సమజైతది? నవ్వి, ఖాళీ డబ్బా నా చేతుల పెట్టింది."