నా కాళ్ల దగ్గర కూర్చున్న మనిషి

దయ్యాల మాట ఎత్తినవాళ్లను మా ఇంట్లో గడప లోపలికి రానిచ్చేవారు కాదు. రుద్రూర్ దగ్గర మాది దేశ్‌ముఖుల ఇల్లు. భూములు పోయాయి, గడీ కూలింది. నేను నిజామాబాద్‌లో రెండు గదుల అద్దెయింట్లో ఉంటున్నాను. ఆ పట్టింపు మాత్రం పోలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మొన్న వానకాలం చివర అక్క పశుపతినాథుని దర్శనానికని కాఠ్మాండూ వెళ్లి, అక్కడే గుండెపోటుతో పడిపోయింది. సొంతవాళ్లు వచ్చి సంతకం పెడితేనే ఆపరేషన్ అన్నారు. అదీ మర్నాడు సాయంత్రంలోగా. ఆమెకు నేను తప్ప ఎవరూ లేరు. మామూలు విమానాల్లో చోటు దొరకలేదు.

బోధన్‌లో రైస్‌మిల్లు నడిపే గంగాధర్ మర్నాడే వ్యాపారం పని మీద చిన్న విమానం మాట్లాడుకొని అక్కడికి వెళ్తున్నాడు. వాళ్ల నాన్న సాయిలు మా ఇంట్లో పాలేరుగా జీతం ఉన్న మనిషి. చనిపోయి పదేళ్లు దాటింది. సంగతి విని గంగాధర్ ఫోన్ చేసి రమ్మంటే వద్దనబోయి, అక్క కోసం ఒప్పుకున్నాను.

మర్నాడు తెల్లారేసరికి విమానం ఎక్కాం. ముందు పైలట్, పక్కన గంగాధర్. వెనక నేను, నా పక్కన ఖాళీ సీటు. వెన్ను నిటారుగా పెడితే తల కప్పుకు తగులుతోంది. నాగపూర్‌లో ఒకసారి, వారణాసిలో ఒకసారి దిగి, పాస్‌పోర్టులు చూపించి మళ్లీ ఎగిరాం.

"భయమైతుందా దొరా? మీ కచ్చురం బండి గూడ గిట్లనే ఊగుతుండె గదా!" అన్నాడు గంగాధర్ వెనక్కి తిరిగి.

"అది ఆపమంటే ఆగుతుండె," అన్నాను.

సరిహద్దు దాటగానే మబ్బు కమ్మింది. కిటికీలకు సున్నం పూసినట్టయింది. విమానం పైకి లేవడం లేదు. ఇంత బరువు ఎక్కడిదో అర్థం కావడం లేదని, పది నిమిషాలు చూసి వెనక్కి తిప్పుతానని పైలట్ హిందీలో అన్నాడు. తిప్పితే ఆ సాయంత్రానికి అక్కను చేరలేను.

అప్పుడే నా పాదాల మీద ఏదో ఆనింది. కాళ్లు కదలలేదు. వంగి చూశాను. తువ్వాల చంకలో పెట్టుకొని, తల దించుకొని, నేల మీద గొంతుకూర్చున్న ముసలాయన. సాయిలు.

మా ముందు జీతగాళ్లు అట్లాగే కూర్చునేవారు. లేవమనేదాకా లేచేవారు కాదు. పక్కన కూర్చోమని మాలో ఎవరమూ ఏనాడూ అనలేదు.

అరుద్దామంటే గంగాధర్ వింటాడన్న బింకం. బెల్టు తీయబోతే చేతులు రాలేదు. ఊపిరి అందడం లేదు. పైలట్ "తిప్పేస్తున్నా" అనడం వినిపించింది.

"సాయిలన్నా," అన్నాను. ఆయన్ని అన్నా అని పిలవడం అదే మొదలు. "లే. నా పక్కన కూసో."

పాదాల మీది బరువు పోయింది. విమానం ఒక్కసారిగా పైకి లేచింది. పక్క సీటు ఖాళీగానే ఉంది.

సాయంత్రం నాలుగింటికి సంతకం పెట్టాను. అక్క బతికింది.

ఆసుపత్రి మెట్ల మీద గంగాధర్ నా దగ్గరికి వచ్చాడు. "మా బాపును కూసోమన్నరు గదా?" అన్నాడు.

"అవ్," అన్నాను.

మబ్బులో గాలి మారిందన్నాడు పైలట్. కావచ్చు. కానీ విమానం దిగేముందు నా సీటుకూ ముందు సీటుకూ మధ్య నేలను చేత్తో కొలిచాను. జానెడు. ఆ జానెడులో ఆయన ఎట్లా పట్టాడో నాకు ఈరోజుకూ తెలియదు.