ధర్మవరం తొమ్మిది పాయింట్లతో గెలిచిన రోజు

నా చిన్నప్పుడు పెనుకొండలో ఆడపిల్లలు బాస్కెట్‌బాల్ ఆడతారంటే ఊళ్లో సగం మంది నమ్మేవారు కాదు. మిగతా సగం మంది బడి గోడ మీద కూర్చుని చూసి నవ్వేవారు. మా కోర్టు అంటే బడి వెనకాల చదును చేసిన మట్టినేల, రెండు స్తంభాలు, వల లేని ఇనుప రింగులు. వాన పడితే ఆట ఉండదు. మాకు వానలు తక్కువ కాబట్టి ఆట ఎప్పుడూ ఉండేది.

మొన్న మా మనవరాలు ఫోనులో ఏవో పోటీల పట్టిక చూపించి, "అవ్వా, అందరికీ పాయింట్లు సమానంగా వస్తే ఎవరు గెలిచినట్టు?" అని అడిగింది. జవాబు నాకు తెలుసు, చెప్పాను. అది నాకెలా తెలుసో మాత్రం చెప్పలేదు. ఆ పిల్ల నవ్వుతూ అడిగింది. ఆ నవ్వు చెడగొట్టడం ఎందుకనిపించింది.

నేనప్పుడు ఎనిమిదో తరగతి. మా పక్కింటి అక్క పదో తరగతి, మా జట్టుకు కెప్టెన్. సన్నగా ఉండేది గానీ, బంతి చేతికొస్తే ఆమె దగ్గరికి పోవడానికి అందరూ భయపడేవారు. వాళ్ల నాయన బజారులో ఉల్లిగడ్డలు అమ్మేవాడు. ఆయనకు అక్కను చదివించడం ఇష్టం లేక కాదు, ఆమె వెనక ఇంకా నలుగురు పిల్లలు ఉన్నారు. పది అయిపోగానే హిందూపురంలో పట్టుదారం తీసే చోట పనికి పెట్టాలని అప్పటికే మాట్లాడేశాడు. దానికి ఒక్కటే అడ్డం ఉండింది. మూడూళ్ల లీగులో ఛాంపియన్ అయిన జట్టు అనంతపురంలో పెద్ద పోటీలకు వెళ్తుంది. అక్కడ బాగా ఆడిన పిల్లలకు హాస్టల్లో ఉచితంగా సీటిచ్చి పైచదువు చదివిస్తారు. "ఆ సీటొస్తే పో తల్లీ, నేనేం వద్దనను" అని వాళ్ల నాయన ఒప్పుకున్నాడు. అక్క ఆ ఒక్క మాట పట్టుకుని ఏడాదంతా ఆడింది.

ఆ లీగులో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, మూడే బళ్లు. ఒక్కో జట్టు మిగతా రెండింటితో ఒక్కోసారి ఆడాలి. మేము మొదటి ఆటలో హిందూపురం చేతిలో నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. తరవాత ధర్మవరం మీద ఆరు పాయింట్ల తేడాతో గెలిచాం. ఇక మిగిలింది హిందూపురానికీ ధర్మవరానికీ మధ్య ఆట. దాంట్లో మేము లేము. మా సంగతి తేలేది మాత్రం దాంట్లోనే.

మా డ్రిల్ టీచరమ్మ మమ్మల్నందరినీ వరండాలో కూర్చోబెట్టి, నాపరాయి మీద సుద్దముక్కతో గీసి చెప్పింది. గెలిస్తే రెండు పాయింట్లు, ఓడితే ఒకటి, అసలు ఆటకే రాకపోతే సున్నా. హిందూపురం గెలిస్తే దానికి రెండు గెలుపులు, అదే ఛాంపియన్, ఇంక మాట్లాడేదేమీ లేదు. ధర్మవరం గెలిస్తే మాత్రం మూడు జట్లకూ తలా ఒక గెలుపు, తలా ఒక ఓటమి. ముగ్గురికీ పాయింట్లు సమానం. అప్పుడు గెలిచిన తేడాలోంచి ఓడిన తేడా తీసేస్తే ఎవరికెక్కువ మిగులుతుందో చూస్తారు. ఆరుతో గెలిచి నాలుగుతో ఓడాం కాబట్టి మాకు మిగిలింది రెండు. ధర్మవరం మరీ తక్కువ తేడాతో గెలిస్తే హిందూపురం మాకంటే పైన ఉంటుంది. మరీ ఎక్కువ తేడాతో గెలిస్తే ధర్మవరమే మమ్మల్ని దాటిపోతుంది. ధర్మవరం మూడుకు తగ్గకుండా, ఏడుకు మించకుండా గెలవాలి. అప్పుడే మేము ఛాంపియన్లు.

అక్క ఆ గీతల్ని చాలాసేపు చూసి, "అయితే మనం చేసేదేం లేదా టీచరమ్మా?" అంది.

"చేసేదేం లేదు. చూసేదే" అంది టీచరమ్మ.

కానీ ఆట ఇంకా రెండు మూడు రోజులుందనగా ధర్మవరం జట్టు రావడం లేదని తెలిసింది. పెండ్లిళ్ల కాలం, మగ్గాలు తీరిక లేకుండా ఆడుతున్నాయి, పిల్లల్ని ఇళ్లలోంచి పంపడం లేదట. నలుగురు దొరికారు, అయిదో అమ్మాయి దొరకలేదు. ఆ అయిదో అమ్మాయే వాళ్లలో అందరికంటే పొడుగు, అందరికంటే మంచి ఆటగత్తె. అయిదుగురు లేనిదే ఆట మొదలుపెట్టరు. ధర్మవరం రాకపోతే హిందూపురం ఆడకుండానే గెలిచినట్టు.

మరుసటి రోజు టీచరమ్మ అక్కను, నన్ను వెంటబెట్టుకుని ధర్మవరం రైలెక్కింది. నన్నెందుకు తీసుకెళ్లిందంటే, ధర్మవరంలో మా పిన్నమ్మ ఉంది, వీధులు నాకు తెలుసు. వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ ఆ పిల్ల ఇల్లు పట్టుకున్నాం. ఒకే గది. గదిలో సగం మగ్గమే. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని ఆ పిల్ల నాయన నేస్తున్నాడు. పక్కన అంచు వైపు ఆ పిల్ల కూర్చుని ఉంది. ఆ రకం చీరకు అంచు నేయాలంటే పక్కన ఇంకో మనిషి ఉండి తీరాలి. అది వాళ్ల అమ్మ చేసే పని. ఆమె గోడవారగా మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. జ్వరం, దగ్గు.

టీచరమ్మ తిప్పి తిప్పి చెప్పలేదు. "మీ పాప ఆడితేనే మా పిల్లకు దారి దొరుకుతాది. మా స్వార్థం కోసమే వచ్చినామప్పా" అని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఆయన చేయి ఆపి, "యాడ పంపేది టీచరమ్మా? ఇది పెండ్లి చీర. పాప లేస్తే మగ్గం నిలబడిపోతాది. మీరే చూస్తాండారు కదా" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే మేము ఇంకాస్త బతిమాలేవాళ్లం.

మేం లేచి గడప దాకా వచ్చాం. అప్పుడు మంచం మీది మనిషి లేచి కూర్చుంది. "నేను కూసుంటాలే ఆ పొద్దు. పోనీ దాన్ని" అంది.

"నీకు జ్వరముండాది కదమే."

"ఒక్క పూటే కదా. ఎన్నినాళ్లయ్యింది అది ఆడి. పోనీ."

ఆ పిల్ల తల ఎత్తలేదు. దారం సర్దుతున్నట్టు వంగి ఉండిపోయింది. అంతకు ముందు మేము ఆమెతో ఆడాం, ఓడించాం. అయినా ఆమెకు ఒక ఇల్లుందని, ఆ ఇల్లు ఇలా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. తిరుగు రైల్లో అక్క కిటికీ పక్కన కూర్చుని పాటలు పాడింది.

ఆట హిందూపురంలో జరిగింది. మా జట్టంతా చూడటానికి వెళ్లాం. అక్క వాళ్ల నాయన కూడా ఉల్లిగడ్డల అంగడి ఇంకొకరికి అప్పజెప్పి వచ్చాడు. ఆయన ఆటలో ఒక్క ముక్కా తెలియని మనిషి. "మనోళ్లు యాడ ఉండారు?" అని అడుగుతూ, మేము లేని ఆటలో మమ్మల్ని వెతుకుతూ ఉండిపోయాడు.

మొదటి సగంలో ధర్మవరం వెనకబడింది. ఆ పొడుగు పిల్ల కాళ్లు కదలడం లేదు. రోజంతా మగ్గం దగ్గర కూర్చునే కాళ్లు కదా. అక్క గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. రెండో సగం మొదలయ్యాక ఏమైందో నాకిప్పటికీ అర్థం కాదు. ఆ పిల్ల ఒక బంతి అందుకుని, చుట్టూ ఉన్న వాళ్లను చూడనట్టే పైకి లేచి వేసింది. పడింది. మళ్లీ వేసింది. అక్కడ నుంచి ఆమెను ఎవరూ ఆపలేకపోయారు. నవ్వుతూ ఆడింది. ఆమె నవ్వడం అంతకు ముందు నేను చూడలేదు. ధర్మవరం ముందుకొచ్చింది, ఒకటి, మూడు, అయిదు. మేము గొంతులు పోయేలా అరిచాం. ఏడు. అక్క వాళ్ల నాయన కూడా మాతో పాటు చేతులెత్తి అరిచాడు.

ఆట ముగియడానికి కాసేపే ఉంది. ధర్మవరం డ్రిల్ సారు మధ్యలో ఆట ఆపించి పిల్లలకు నీళ్లిస్తున్నాడు. అక్క మా టీచరమ్మ దగ్గరికి జరిగింది. నేను వాళ్ల పక్కనే ఉన్నాను.

"టీచరమ్మా, నేను పోయి ఆ పాపకు ఒక మాట చెప్పొస్తా. గెలిచినట్టే కదా, ఇంక చాలు, బాల్ వేయొద్దని చెప్తా."

"కూర్చో" అంది టీచరమ్మ.

"వాళ్లకేం నష్టం లేదు టీచరమ్మా. ఛాంపియనైనా వాళ్లు అనంతపురం పోరు. ఎవురు పంపిస్తారు? మీకూ తెలుసు."

"తెలుసు."

"మరి?"

"వాళ్లమ్మ జ్వరంతో మగ్గం కాడ కూసోనుండాది, ఈ పిల్ల ఆడాలని. పిల్చుకొచ్చింది మనం. ఇప్పుడు తక్కువ ఆడమని యా నోటితో చెప్పేది?"

అక్క కళ్లు నిండిపోయాయి. "మరి నా గతేంది టీచరమ్మా?" అంది.

టీచరమ్మ జవాబు చెప్పలేదు. అక్క లేవబోతే మణికట్టు పట్టుకుంది, అంతే. అక్క విదిలించుకోవచ్చు. బలం అక్కకే ఎక్కువ. ఎందుకో విదిలించుకోలేదు.

ఆట మళ్లీ మొదలైంది. హిందూపురం పిల్లలు బంతి పోగొట్టుకున్నారు. అది ఆ పొడుగు పిల్ల చేతికొచ్చింది. ఆమె ఒక్క క్షణం మా వైపు చూసింది. మేము ఆమె గెలవాలని అరిచిన వాళ్లం కదా, ఇంకా అరుస్తామనుకుందో ఏమో. మాలో ఎవరూ నోరెత్తలేదు. ఆమె పైకి లేచి బంతి వేసింది. అది రింగు అంచు మీద తిరిగి లోపల పడింది. తొమ్మిది.

విజిల్ ఊదాక లెక్క ఎవరూ మాకు చెప్పాల్సిన పని లేకపోయింది. తొమ్మిదితో గెలిచి ఆరుతో ఓడిన ధర్మవరానికి మూడు, మాకు రెండు. మేము ఒక్క ఆట కూడా ఆడని ఆ రోజున, ఒక్క పాయింటుతో రెండో స్థానంలోకి పోయాం. టీచరమ్మ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మా వైపు నుంచి ఆమె ఒక్కతే. అక్క వాళ్ల నాయన ఏదో గెలుపనుకుని ఆయనా కొట్టబోయి, అక్క ముఖం చూసి ఆపేశాడు.

తరవాత జరిగింది అక్క చెప్పినట్టే. ధర్మవరం జట్టు అనంతపురం పోలేదు. ఆ పిల్లల్ని అన్ని రోజులు ఇళ్ల నుంచి పంపే దారి లేకపోయింది. మా టీచరమ్మ స్వయంగా అనంతపురం పోయి, ఆ చోటు మా పిల్లలకు ఇవ్వండని అడిగి వచ్చింది. ఛాంపియన్‌కు తప్ప రెండో జట్టుకు వచ్చే హక్కు రూల్లో లేదన్నారట. ఆ ఏడాది మా మూడూళ్ల నుంచి ఎవరూ పోలేదు. ఆ పొడుగు పిల్ల తల్లి మంచం మీద నుంచి మళ్లీ కోలుకోలేదని, చలికాలం దాటలేదని మా పిన్నమ్మ చెప్పింది. ఆ ఒక్క పూట మగ్గం దగ్గర కూర్చున్నందుకే అని నేననను. కాదని కూడా అనలేను.

అక్క పది పాసై హిందూపురంలో పనికి చేరింది. పట్టుగూళ్లు ఉడికే వేడినీళ్లలో చేతులు పెట్టి దారపు కొసలు వెతికే పని. పండగకు ఇంటికొచ్చినప్పుడు వేళ్ల చివర్లు తెల్లగా నాని, చర్మం ఊడి ఉండేవి. బడి వెనక కోర్టు వైపు మళ్లీ రాలేదు. టీచరమ్మ ఎదురైతే నమస్కారం పెట్టి పక్కకు తప్పుకునేది. ఆ తరవాత టీచరమ్మకు వేరే ఊరికి బదిలీ అయింది. వెళ్లే రోజు మా వీధికి వచ్చి, తాళం వేసి ఉన్న అక్క వాళ్ల ఇంటి ముందు కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

చాలా ఏళ్ల తరవాత పుట్టపర్తి ఆసుపత్రిలో అక్క కనిపించింది. ఊపిరి ఆడటం లేదని చూపించుకోవడానికి వచ్చింది. వరసలో ఆమె పక్కన కూర్చున్నాను. పిల్లల గురించి, మోకాళ్ల గురించి మాట్లాడుకున్నాం. లేచే ముందు ధైర్యం చేసి అడిగాను, టీచరమ్మ ఆ రోజు చేసింది తప్పేనా అక్కా అని.

అక్క కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "తప్పని యా పొద్దూ అనలేదు నేను. ఆ పాప ఎట్ల ఆడిందో చూస్తివి కదా. చెప్పినా ఇనేది కాదు. కానీ నా గతేందని అడిగితే పలకలేదు చూడు. దానికి మాత్రం ఇప్పటికీ జవాబు రాలేదు" అంది. అంతలో పేరు పిలిచారు. గోడ పట్టుకుని లోపలికి వెళ్లింది.

నాకు టీచరమ్మంత తెగువ లేదు, అక్కంత ఓర్పూ లేదు. కానీ ఒకరు తమకు చేతనైనంతా చేస్తుంటే, నా మేలు కోసం కాస్త తగ్గించుకోమని అడగలేకపోవడం మాత్రం ఆ రోజు నుంచి నాతోనే ఉంది. దానివల్ల నా ఇంట్లో పోయినవి ఉన్నాయి, నా పిల్లలకు రావలసినవి రాకుండా పోయినవీ ఉన్నాయి. మంచి పని చేశానని ఒక్కరోజూ సంతోషపడలేదు. అయినా ఇంకోలా బతకడం నాకు చేతకాలేదు.